ఐదువందల్లోంచి నూట ముప్పై ఏడు



హైదరాబాదు తార్నాకలో నాకు తెలిసిన పెద్దాయన ఒకరున్నారు. రిటైరై చాలా ఏళ్లయింది. కొడుకూ కోడలూ కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటారు. మనవడు అక్కడ మూడో తరగతి. మనకు పొద్దున కాఫీ వేళంటే వాళ్లకు ముందురోజు సాయంత్రం. ఆ వేళకు తాతా మనవడూ ఫోనులో ఒకరినొకరు చూసుకుంటూ హోంవర్కు చేస్తారు.

ఒకరోజు వచ్చిన లెక్క ఇది. ఐదువందల్లోంచి నూట ముప్పై ఏడు తీసేయాలి. మీరు కూడా మనసులో చేస్తూ ఉండండి. ఐదువందలు. అందులోంచి నూట ముప్పై ఏడు.

తాతగారు తను నేర్చుకున్న తీరులోనే మొదలుపెట్టారు. సున్నాలోంచి ఏడు పోదు. పక్కింట్లో అప్పు అడగాలి. పక్కింట్లోనూ సున్నాయే. ఆ పై ఇంటికి వెళ్తే అక్కడ ఐదుంది. ఐదు కాస్తా నాలుగైంది. నడిమి సున్నా తొమ్మిదైంది. చివరి సున్నా పదైంది. పదిలోంచి ఏడు పోతే మూడు. తొమ్మిదిలోంచి మూడు పోతే ఆరు. నాలుగులోంచి ఒకటి పోతే మూడు. మొత్తం మూడువందల అరవై మూడు.

మనవడు ఒప్పుకోలేదట. "అట్లా కాదు తాతయ్యా" అని కాగితం మీద అడ్డంగా ఒక గీత గీశాడు. ఒక కొసన నూట ముప్పై ఏడు రాశాడు. ఇంకో కొసన ఐదువందలు రాశాడు. మూడు గెంతితే నూట నలభై. అరవై గెంతితే రెండువందలు. మూడువందలు గెంతితే ఐదువందలు. మూడూ, అరవై, మూడువందలు. మూడువందల అరవై మూడు.

జవాబు అదే. అయినా పెద్దాయనకు కోపం వచ్చింది. నాతో అన్నారు: "తీసివేత చెయ్యమంటే కూడుకుంటూ పోతాడేంటండీ? గీతలు గీసి గెంతులేస్తే అది లెక్కా? అంత పెద్ద దేశంలో పిల్లలకు నేర్పేది ఇదా?"

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ గెంతుల లెక్క నేనుండే కాచిగూడలో రోజూ చూస్తూనే ఉంటాను.

కాచిగూడ చౌరస్తా దగ్గర ఏ కిరాణా కొట్టుకైనా వెళ్లండి. నూట ముప్పై ఏడు రూపాయల సామాను కొనండి. ఐదువందల నోటు ఇవ్వండి. కొట్టతను ఏం చేస్తాడు? మూడు రూపాయలు మీ చేతిలో పెట్టి, "ఏక్ సౌ చాలీస్" అంటాడు. అరవై పెట్టి, "దో సౌ" అంటాడు. మూడు వందనోట్లు పెట్టి, "పాంచ్ సౌ" అంటాడు. అంతే, అయిపోయింది. ఎవరింటికీ అప్పుకు వెళ్లలేదు. అసలు తీసివేతే చేయలేదు. నూట ముప్పై ఏడు నుంచి ఐదువందల దాకా నడిచాడు. ఆ నడిచిన దూరమే మీ చిల్లర.

ఫ్రీమాంట్ బడిలో గీత మీద గెంతినదీ, కాచిగూడ కొట్లో చేతిలో పెట్టినదీ ఒకే లెక్క. ఈ మధ్య అందరం ఫోనుతోనే డబ్బులు కొడుతున్నాం కాబట్టి, ఈ చిల్లర లెక్క వినే అదృష్టం మన పిల్లలకు తగ్గిపోయింది. అది వేరే సంగతి.

ఇవాళ మీతో మాట్లాడాలనుకున్నది దీని గురించే. బడిలో లెక్కలు అందరికీ ఒకే పద్ధతిలో చెప్పాలా? ఎవరికి తోచిన దారిలో వాళ్లు చేయనివ్వాలా? ఇది అమెరికాలో ఉంది, మన దగ్గరా ఉంది. చాలాకాలంగా నలుగుతున్న తగాదా. నా మాట ముందే చెప్పేస్తాను. బడిలో అందరికీ ఒక పద్ధతి నేర్పండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఇంకో దారిలో సరిగ్గా చేసిన పిల్ల లెక్కను కొట్టేయకండి. మళ్లీ అంటున్నాను. ఒక పద్ధతి నేర్పడంలో తప్పులేదు. రెండో పద్ధతిని కొట్టేయడంలోనే తప్పుంది.

ముందు వీధి లెక్క సంగతి చూద్దాం. దాన్ని మరీ ఆకాశానికెత్తేవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి.

బ్రెజిల్‌లో రెసీఫే అని ఒక ఊరు. అక్కడ వీధుల్లో కొబ్బరికాయలూ అవీ అమ్ముకునే పిల్లల దగ్గరికి ముగ్గురు పరిశోధకులు వెళ్లారు. వాళ్లు రాసిన వ్యాసం 1985లో వచ్చింది. ఒక కుర్రాణ్ణి కొనేవాళ్లలాగే అడిగారు. కాయ ముప్పై ఐదు, పది కాయలు ఎంత? వాడు ఇలా చెప్పాడు. మూడు కాయలు నూట ఐదు. ఇంకో మూడు కలిపితే రెండువందల పది. ఇంకా నాలుగు కావాలి. మూడువందల పదిహేను... మూడువందల యాభై. చూశారా, బేరంలో తరచుగా వచ్చే మూడు కాయల ధర వాడికి నోటికొచ్చు. దాన్ని పట్టుకుని పదికి చేరాడు. ఇలాంటి పిల్లలు బేరంలో చేసిన లెక్కలు దాదాపు అన్నీ సరిపోయాయి. అవే లెక్కలు కాగితం పెన్సిలు ఇచ్చి బడి తీరులో ఉత్త అంకెలుగా అడిగితే, చాలావరకు తప్పాయి.

ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా వినేవాళ్లు పరవశించిపోతారు. నేను మాత్రం ఇంకోటి కూడా చూడమంటాను. కాయ ముప్పై ఐదైతే పది కాయలకు ముప్పై ఐదు పక్కన సున్నా పెడితే చాలు. ఒక్క క్షణం పని. ఆ కుర్రాడికి అది తట్టలేదు. ఆ సున్నా పెట్టడం బడి ఇచ్చే వరం. వీధి దాన్ని ఇవ్వలేకపోయింది.

మన దేశంలోనూ ఇలాంటి పని జరిగింది. నోబెల్ బహుమతి అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మరికొందరు కలిసి కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల్ని చూశారు. వాళ్ల వ్యాసం 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. బజారు పిల్లలు కాగితం లేకుండా పెద్ద పెద్ద బేరాలు తేల్చేస్తున్నారు. బడి లెక్క దగ్గర తడబడుతున్నారు. ఇక బడికి వెళ్లే పిల్లలు? వాళ్లు బడి లెక్క కాస్త నయంగా చేస్తున్నారు, బజారు లెక్క దగ్గర బిక్కమొహం వేస్తున్నారు. రెండు వైపులా గోడే. ఇటువాళ్లకు అటు తెలియదు, అటువాళ్లకు ఇటు తెలియదు.

కాబట్టి అప్పు తెచ్చుకునే పద్ధతిని నేను తీసిపారేయను. దాని గొప్ప దానిది. ఏ అంకెలు ఇచ్చినా, ఎంత పెద్దవి ఇచ్చినా అది పనిచేస్తుంది. ఆలోచించకుండా కూడా పనిచేస్తుంది. ఆలోచన అవసరం లేకపోవడం దాని బలం. ఇంట్లో చదువు చెప్పేవాళ్లు లేని పిల్లకు, ఏటా సార్లు మారిపోయే బడిలో చదివే పిల్లాడికి, అలాంటి గట్టి పద్ధతి ఒక్కటి చేతిలో ఉండాలి. అంబర్‌పేటలో నేర్చుకున్నది ఆదిలాబాద్ వెళ్లినా పనికిరావాలి. ఇంట్లో అమ్మా నాన్నా చదువుకున్నవాళ్లయితే, ట్యూషన్ పెట్టించే స్తోమత ఉంటే, మీ పిల్ల నాలుగు దారులూ నేర్చుకుంటుంది. లేనివాళ్లకు బడి ఒక్కటే దిక్కు. ఒకే పద్ధతి ఉండాలి అనేవాళ్ల వాదంలో నేను తలవంచే చోటు ఇదే.

ఇంకో మాట. మన తార్నాక పెద్దాయన అనుకున్నట్టు అమెరికాలో ఆ పాత పద్ధతిని ఎత్తేయలేదు. అక్కడ కామన్ కోర్ అనే ప్రమాణాలు 2010లో వచ్చాయి. కాలిఫోర్నియాతో సహా చాలా రాష్ట్రాలు తీసుకున్నాయి. వాటి ప్రకారం చిన్న తరగతుల్లో గీతలు, గెంతులు, విడగొట్టుకోవడాలు ఉంటాయి. నాలుగో తరగతి అయ్యేసరికి కూడికా తీసివేతా మామూలు పద్ధతిలో ధారాళంగా రావాలని అందులోనే రాసి ఉంది. అంటే ఆ మనవడు ఇంకో ఏడాదికి తాతగారి దారికి వస్తాడు. వచ్చేటప్పటికి, ఆ అప్పు ఎందుకు తెస్తున్నాడో వాడికి తెలిసి ఉంటుంది. తెలిసి ఉంటే మంచిదే. అక్కడ కూడా అమ్మానాన్నలు గోల పెట్టారు. తాము నేర్చుకున్న పద్ధతిలో పిల్లలకు సాయం చేయలేకపోతున్నామని వాళ్ల బాధ. ఆ బాధ నాకు అర్థమవుతుంది. పిల్లల హోంవర్కు ముందు పెద్దవాళ్లు తెల్లమొహం వేయడం ఎక్కడైనా అవమానమే.

సరే, మన సంగతికి వద్దాం. అందరికీ ఒకే పద్ధతి అన్న పట్టు ఎక్కడ పుడుతుంది? నాకు అనిపించేది ఒకటే. చెప్పేవాళ్లు తక్కువై, నేర్చుకునేవాళ్లు ఎక్కువైన చోట పుడుతుంది.

దీనికి పాత కథ ఒకటుంది. రెండువందల ఏళ్ల పైమాట. మద్రాసులో ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాదిరి 1789లో అనాథ బాలుర ఆశ్రమం చూసుకోవడానికి కుదిరాడు. ఒకరోజు మన వీధిబడి పిల్లలు ఇసకలో వేలితో రాసుకుంటూ నేర్చుకోవడం చూశాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పడం మన వీధిబడుల్లో మామూలే. బెల్ తన ఆశ్రమంలో దాన్నే ఒక పద్ధతిగా దిద్దాడు. 1797లో ఇంగ్లండులో పుస్తకం వేశాడు. దానికి మద్రాసు పద్ధతి అని పేరొచ్చింది. అక్కడి పేదపిల్లల బడుల్లో అది కార్చిచ్చులా పాకింది. ఎందుకు? చవక కాబట్టి. ఒక్క అయ్యవారితో వందలమందికి చదువు. ఈ గంటకు ఇది, ఆ గంటకు అది, అందరూ ఒకేసారి పలక ఎత్తాలి.

తమాషా ఏమిటంటే, బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ ఉన్నాడు కదా, తెలుగు వ్యాకరణం రాసినాయన, ఆయన 1823లో తన జిల్లాలోని తెలుగు, కన్నడ వీధిబడుల గురించి ప్రభుత్వానికి నివేదిక రాశాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే ఈ ఏర్పాటు మెచ్చుకోదగ్గదనీ, ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేననీ అందులో ఒప్పుకున్నాడు. మన అరుగు మీద పుట్టింది సముద్రం దాటింది. అరుగు మీద ఉన్నప్పుడు అది ఒక అలవాటు. అక్కడికి చేరాక గంట కొట్టి నడిపే ఉత్తర్వు అయింది.

ఆ తర్వాత దిగుమతులు మొదలయ్యాయి. ఈ మాట వింటున్న పెద్ద సార్లకూ మేడములకూ అప్పెప్ గుర్తుండే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. బ్రిటన్ డబ్బుతో 1980లలో మొదలై 1996 దాకా నడిచింది. అందులో చెప్పినవి బంగారంలాంటి మాటలు. పిల్లలు చేస్తూ నేర్చుకోవాలి. గుంపులుగా కూర్చోవాలి. చుట్టూ ఉన్న వస్తువులతో నేర్చుకోవాలి. గింజలు, పుల్లలు, గులకరాళ్లు. వాళ్లు చేసినవి గోడకు పెట్టాలి. ఎవరు కాదంటారు? కానీ రాష్ట్రమంతటి సార్లకు ఒకేసారి శిక్షణ ఇవ్వాలంటే మాట ఉత్తర్వు అవుతుంది. ఉత్తర్వు తనిఖీ అవుతుంది. తనిఖీకి వచ్చినాయన పిల్లల బుర్రలోకి చూడలేడు, గోడకేసి చూడగలడు. గోడకు చార్టులు ఉంటే పద్ధతి అమలైనట్టు. అక్కడ కూర్చున్న పిల్లకు తీసివేత ఎందుకు తప్పుతున్నదో చార్టు చెప్పదు. అప్పెప్ వల్ల మంచి జరగలేదని అనడం లేదు. గులకరాళ్లతో లెక్క మొదలుపెట్టే సార్లు ఎందరో దాని వల్లే తయారయ్యారు. స్వేచ్ఛగా నేర్పండి అన్న మాట కూడా పైనుంచి వచ్చేసరికి ఒక నమూనాగా గడ్డకట్టిందని మాత్రం అంటున్నాను.

ఆ తర్వాత ఇంకో కెరటం. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో విద్యా ప్రణాళిక చట్రం వచ్చింది. దాన్ని పట్టుకుని కొత్త పాఠ్యపుస్తకాలు వచ్చాయి. 2014లో పదో తరగతికీ వచ్చాయి. మీ ఇంట్లో పాత లెక్కల పుస్తకం ఉంటే తీసి చూడండి. విద్యా ప్రమాణాలు అని ఐదు ఉంటాయి. సమస్యా సాధన, కారణాలు చెప్పడం, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యం. అమెరికాలో గణిత ఉపాధ్యాయుల మండలి 2000లో వేసిన పుస్తకంలోనూ దాదాపు ఇవే ఐదు ఉన్నాయి. బయట నుంచి తెచ్చుకోవడం తప్పని నేననను. మన పావులూరి మల్లన, వెయ్యేళ్లకు కాస్త ఇటుగా, మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చినప్పుడు మక్కికి మక్కి దించలేదు. మన వాళ్లకు తగ్గట్టు లెక్కలు మార్చుకున్నాడు. తెచ్చుకున్నదాన్ని ఎలా వాడుకున్నాం అన్నదే చూడాలి.

ఎలా వాడుకున్నాం? ఇక్కడ నాకు కాస్త కోపం. ఆ ఐదింటిలో రెండోది చూడండి. కారణాలు చెప్పడం. పిల్ల తన కారణం తను చెప్పాలి. పరీక్షలో దానికి మార్కులున్నాయి. సరే, మార్కులున్నాయనగానే కోఠీ ఫుట్‌పాత్ మీదికి గైడు వచ్చింది. అందులో కారణాలు కూడా రాసి పెట్టి ఉన్నాయి. పిల్లలు వాటిని బట్టీ పట్టారు. సొంత కారణం చెప్పమంటే ఇంకొకరి కారణాన్ని ఒప్పజెప్పారు. ప్రాజెక్టు పని అన్నారు. స్టేషనరీ కొట్లో ప్రాజెక్టు దొరికింది. పుస్తకం మారింది, పేపరు మారింది, పేర్లన్నీ మారాయి. మారనిది ఒకటుంది. నోటుబుక్కు దిద్దే ఎర్ర పెన్ను. పిల్లలకు నిజమైన పాఠ్యపుస్తకం అదే. ఆ పెన్ను దేనికి టిక్కు పెడుతుందో అదే పద్ధతి. దేన్ని కొట్టేస్తుందో అది పద్ధతి కాదు. మా సార్ చెప్పినట్టే చెయ్యాలి, లేకపోతే మార్కులు పోతాయి. ఈ మాట మీ ఇంట్లో పిల్లలు అనగా మీరు వినే ఉంటారు.

ఇప్పుడు మన వీధిలోకి రండి. కాచిగూడ స్టేషన్ నుంచి బర్కత్‌పురా మీదుగా విద్యానగర్ వైపు వెళ్తుంటే నల్లకుంట వస్తుంది. 1980ల నడుమ చుక్కా రామయ్య గారు ఐఐటీ పరీక్షలకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది అక్కడే. ఆయన జీవితమంతా లెక్కల సారే. ఆయన దగ్గర సీటు దొరకాలంటే ఒక పరీక్ష రాయాల్సి వచ్చేది. ఆ పరీక్షకు మళ్లీ కోచింగులు వెలిశాయంటే ఆ పేరెంతటిదో చూసుకోండి. ఆ మనిషి దగ్గర ఉన్నది ఒక బోర్డు, సుద్దముక్క, పిల్లలతో వాదన. కార్పొరేటు బడులవాళ్లు దాన్ని వంద బ్రాంచీలకు పంచలేరు. ఏది పంచగలరు? షెడ్యూలు పంచగలరు. ఫలానా తేదీన ఫలానా పీరియడులో అన్ని బ్రాంచీల్లోనూ అదే పేజీ, అదే లెక్క, అదే స్లిప్ టెస్టు. కార్పొరేటు బడుల్లో దీన్ని మైక్రో షెడ్యూల్ అంటారు. సార్ మానేస్తే ఇంకో సార్ మర్నాడు అదే పేజీ నుంచి ఎత్తుకుంటాడు. యాజమాన్యానికి ఇంతకంటే నిశ్చింత లేదు. మూడో బెంచీలో ఒక పిల్లాడు చెయ్యెత్తి, "సార్, ఇట్లా కూడా వస్తది కదా" అంటే? వాడికి జవాబు చెప్పే ఐదు నిమిషాలు ఆ షెడ్యూల్లో లేవు. నామీద కోపం తెచ్చుకోకండి. ఆ సార్లకు తెలియక కాదు, తీరిక లేక.

ఆ ఐదు నిమిషాలు ఇవ్వకపోతే ఏమవుతుంది? ఒక చిన్న లెక్క చెప్తాను, నెమ్మదిగా వినండి.

రవి దగ్గర పన్నెండు గోళీలున్నాయి. లత దగ్గర ఉన్నవాటి కంటే అవి ఐదు ఎక్కువ. లత దగ్గర ఎన్ని?

ఇంకోసారి. రవి దగ్గర పన్నెండు. లత దగ్గర ఉన్నవాటి కంటే ఐదు ఎక్కువ. మరి లత దగ్గర ఎన్ని?

చాలామంది పిల్లలు పదిహేడు అంటారు. ఎందుకంటే వాళ్లకు ఒక పద్ధతి నేర్పాం. లెక్కలో ఎక్కువ అని ఉంటే కలుపు, తక్కువ అని ఉంటే తీసెయ్యి. మిగిలినవి అంటే తీసివేత, మొత్తం అంటే కూడిక. ఈ చిట్కాతో పుస్తకంలో చాలా లెక్కలు ఇట్టే తెగిపోతాయి. పరీక్ష గట్టెక్కుతుంది. కానీ ఇక్కడ జవాబు ఏడు. రవి దగ్గరే ఎక్కువ ఉన్నాయని లెక్కే చెప్తోంది, లత దగ్గర పదిహేడు ఎలా ఉంటాయి? పిల్ల గోళీలను చూడలేదు, ఒక మాటను వెతుక్కుంది. ఒకే చిట్కా అందరికీ ఇచ్చినప్పుడు తప్పు కూడా అందరికీ ఒకేలా వస్తుంది. క్లాసంతా పదిహేడే. అందరూ ఒకటే అన్నారు కాబట్టి అదే రైటనుకుంటారు కూడా.

మరి మంచి దారి ఎక్కడా లేదా అంటే, ఉంది. దూరం కూడా కాదు, మదనపల్లె దగ్గర. రిషి వ్యాలీ బడి చుట్టూ పల్లెల్లో చిన్న చిన్న బడులున్నాయి. ఒక్క టీచరు, ఐదు తరగతుల పిల్లలు కలిసి ఒకే గదిలో. పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివరి నుంచీ అక్కడ ఒక ఏర్పాటు చేశారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ. ప్రతి పిల్లా తను ఏ మెట్టు మీద ఉందో తనే చూసుకుంటుంది, ఆ కార్డు తనే తెచ్చుకుంటుంది. జ్వరమొచ్చి వారం రాకపోతే, ఆగిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలు. క్లాసు ముందుకు వెళ్లిపోయిందన్న దిగులు లేదు.

ఇక్కడ ఒకటి గమనించండి. కార్డులు అందరికీ ఒకటే. మెట్లు అందరికీ ఒకటే. అంటే ఇదీ ఒక ప్రామాణిక పద్ధతే. అందరికీ ఒకే రోజు ఒకే మెట్టు అన్న నియమం మాత్రం లేదు. చేరాల్సిన చోటు ఒకటే, వేగం ఎవరిది వారిది. ఇదే పద్ధతిని 2000ల తర్వాత చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టి తమిళనాడు అంతటికీ తీసుకెళ్లారు. వేల బడులకు ఒక్కసారిగా విస్తరిస్తే అప్పెప్‌కు వచ్చిన చిక్కే దీనికీ వస్తుంది. కార్డు పూర్తయిందా అని చూస్తారు, పిల్లకు వచ్చిందా అని చూడటం కష్టం. అయినా నా ఓటు ఇటే.

తెలంగాణలో 2022లో తొలిమెట్టు మొదలైంది. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు రావాలని. లక్ష్యం నూటికి నూరుపాళ్లు సబబు. ఐదో తరగతి పిల్లకు భాగహారం రాకపోతే పద్ధతుల మీద మనం చేసే వాదాలన్నీ దండగ. కాకపోతే ఏ వారం ఏం చెప్పాలో ముందే రాసిచ్చినప్పుడు, వెనకబడిన పిల్ల కోసం ఆగే హక్కు కూడా సార్‌కు రాసివ్వాలి. ఆగితే సంజాయిషీ అడుగుతారన్న భయం ఉంటే ఎవరూ ఆగరు.

ఇంతకీ ఏ భాషలో లెక్క చేస్తున్నామన్నది కూడా పద్ధతిలో భాగమే. మన ఉస్మానియా యూనివర్సిటీ 1918లో పుట్టినప్పుడు చదువంతా ఉర్దూలో. లెక్కలు కూడా. రజీయుద్దీన్ సిద్దీఖీ వంటి గొప్ప గణితవేత్త అక్కడే చదివి, కేంబ్రిడ్జి వెళ్లొచ్చి, మళ్లీ అక్కడే పాఠం చెప్పారు. 1948 తర్వాత ఇంగ్లీషుకు మారింది. ఇవాళ కాచిగూడ పిల్ల బడిలో ఇంగ్లీషులో లెక్క రాస్తుంది, ఇంట్లో తెలుగులో ఎక్కాలు వింటుంది, కొట్లో ఉర్దూలో చిల్లర తీసుకుంటుంది. ఈ మూడూ ఒకే లెక్కని ఎవరూ దానికి చెప్పరు. మన నగరంలో ఇంత సంపద ఉండి వాడుకోవడం లేదు.

ఎక్కాలంటే గుర్తొచ్చింది. ఎక్కాలు వద్దు, అర్థమైతే చాలు అనేవాళ్లతో నేను కలవను. ఏడెనిమిదులు యాభై ఆరని నోటికి రాకపోతే పెద్ద లెక్కలో అసలు విషయం మీద మనసు నిలవదు. నోటికి రావాలి. ఎందుకో కూడా తెలియాలి. ఈ రెండింటికీ తగువు పెట్టింది పెద్దవాళ్లే.

ఇక మార్కుల భయం గురించి. వేరే పద్ధతిలో చేస్తే బోర్డు పరీక్షలో మార్కులు పోతాయని సార్లూ అంటారు, తల్లిదండ్రులూ అంటారు. సీబీఎస్‌ఈ దిద్దేవాళ్లకు ఇచ్చే సూచనల్లో, ఇంకో సరైన పద్ధతిలో చేసినా మార్కులివ్వాలనే ఉంటుంది. మన టెన్త్‌లో కూడా స్పాట్ వాల్యుయేషన్‌కు కూర్చున్న లెక్కల సార్ ఎవరైనా, సరైన దారిని చూసి కూడా కొట్టేస్తారని నేననుకోను. ఆ భయం బోర్డులో పుట్టలేదు. నాలుగో తరగతి నోటుబుక్కులో పుట్టింది. నలభై నోటుబుక్కులు గంటలో దిద్దాలంటే అన్నీ ఒకేలా ఉంటేనే తెములుతుంది. మళ్లీ అదే. చెప్పేవాళ్లు తక్కువ, పిల్లలు ఎక్కువ.

అందుకే ఈ మాట వింటున్న సార్లకూ మేడములకూ ఒక మనవి. వేరే దారిలో చేసిన లెక్క కనిపిస్తే ఎర్రగీత పెట్టేముందు పక్కన 'ఎలా?' అని ఒక్క మాట రాయండి. మర్నాడు ఆ పిల్లను బోర్డు దగ్గరికి పిలవండి. దాని దారి సరైందైతే క్లాసుకు రెండో దారి దొరికింది. తప్పయితే ఎక్కడ తప్పిందో దానికే తెలుస్తుంది. వారానికి ఒక్క లెక్క చాలు. తల్లిదండ్రులకూ ఒక మనవి. పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు ఎన్ని మార్కులొచ్చాయన్నది ఎలాగూ అడుగుతారు. మా పిల్ల వేరే పద్ధతిలో చేస్తే మార్కులిస్తారా అని కూడా అడగండి. నలుగురు అడిగితే బడి వింటుంది.

తార్నాక పెద్దాయనకు ఇదంతా చెప్పాను. పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ ఇప్పుడు మనవడి చేత రెండు విధాలా చేయిస్తున్నారట. ఏది ముందు తెమిలితే దానిదే గెలుపు. అంకెల చివర సున్నాలుంటే మనవడు గెలుస్తాడు. వంకర అంకెలైతే తాతగారు గెలుస్తారు.

వెళ్లేముందు మీకో పని. ఇవాళ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో అందరినీ ఒక లెక్క అడగండి. కాగితం, ఫోను ముట్టుకోకూడదు. పదహారు పాతికలు ఎంత? జవాబు చెప్పగానే వదలకండి. ఎలా చేశావని అడగండి. ఒకరు పదహారు పదులు, పదహారు పదులు, పదహారు ఐదులు అని కలుపుతారు. ఒకరు నాలుగు పాతికలు వంద అని పట్టుకుంటారు. పావలా కాసులు వాడిన అమ్మమ్మ ఉంటే, పదహారు పావలాలు నాలుగు రూపాయలు కదా అని అందరికంటే ముందే చెప్పేస్తుంది. చిన్నవాళ్లలో ఒకరు ఎవరూ అనుకోని దారి పట్టవచ్చు. దాన్ని రాసిపెట్టి, మీ పిల్లల లెక్కల సార్‌కు చూపించండి.